నాలుగు డబ్బాల సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం

5 ఫీట్లది – 1 డబ్బ
10 ఫీట్లది – 4 డబ్బలు
15 ఫీట్లది – 9 డబ్బలు
లెక్క అడగొద్దు. బేరం లేదు.

అవతారిక

ఇది ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన, గణపతి బొమ్మల షెడ్డు రేకు తలుపు మీద సుద్దముక్కతో వెలసిన సూత్రం. కర్త పెయింటర్. పేరు రాసుకోలేదు, సూత్రకారులకు ఆ అలవాటు తక్కువ. కాలం శ్రావణ బహుళ పక్షం. అనగా చవితికి ఇంకా పదిహేను రోజులుండి, చందా పుస్తకాలు అచ్చయి వచ్చి, వాటిలో ఒకటి అప్పుడే కనబడకుండా పోయిన కాలం.

ఊరు సామాన్యమైనది కాదు. 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు మోస్తున్నది. ఆయన్ను మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. కనుక ఈ గడ్డ మీద తెలుగు కృతి పుట్టడం వింత కాదు, దానికి వ్యాఖ్య రావడంలోనే ఆలస్యమైంది. ఊరి చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు. ఇదే మండలంలోని ఆదిభట్లలో విమానాలకూ హెలికాప్టర్లకూ భాగాలు చేసే ఫ్యాక్టరీలు. ఇంత చదువు మధ్య నిలబడి కూడా ఈ సూత్రం, చదివిన ప్రతివాడి చేతా ‘ఇది మోసం’ అనిపించుకున్నది. వ్యాఖ్య అవసరమైంది అందుకు.

వ్యాఖ్యాతలలో శిరోమణి కోలాచల మల్లినాథసూరి మన మెదక్ వైపు కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని మాట ఇచ్చి మరీ ఆయన కాళిదాసును ముట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాత ఆ రెండు మాటల్లో మొదటిదానికి శక్తికొద్దీ కట్టుబడతాడు. ఇక లెక్కల భాగానికి, మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి దించిన పావులూరి మల్లనను తలచుకోవాలి. ఒక మల్లినాథుడు, ఒక మల్లన, ఇద్దరికీ నమస్కారం. విఘ్నేశ్వరుడికి వేరే ప్రార్థన రాయలేదు. ఆయన షెడ్డులోనే ఉన్నాడు, ప్రైమర్ ఆరుతున్నది.

ప్రతిపదార్థం

5 ఫీట్లది = పీఠం వదిలేసి, పాదం నుంచి కిరీటం కొసదాకా ఐదడుగులున్న గణపతి; 1 డబ్బ = మూత తీయని, నీళ్ళు కలపని, నిండు రంగు డబ్బా ఒకటి; 10 ఫీట్లది = ఆ గణపతే అన్ని దిక్కులా రెట్టింపయితే అయ్యే గణపతి; 4 డబ్బలు = అటువంటి డబ్బాలు నాలుగు; 15 ఫీట్లది = అన్ని దిక్కులా మూడింతలైనవాడు; 9 డబ్బలు = తొమ్మిది; లెక్క అడగొద్దు = అడిగితే చెప్పగలను గాని, చెబితే మీరు వినరు; బేరం లేదు = ఈ ముక్క మీద విస్తారమైన వ్యాఖ్య చివర ఉన్నది.

ఇక్కడ ఒక ఆక్షేపణ. ‘అన్ని దిక్కులా’ అనే మాట మూలంలో లేదు. మల్లినాథుడికిచ్చిన మాట మొదటి పేజీలోనే తప్పిందా? తప్పలేదు. దీన్ని అధ్యాహారం అంటారు. వాక్యం నిలబడడానికి అవసరమైన మాటను వ్యాఖ్యాత జేబులోంచి తీసి పెట్టడం. అదెంత అవసరమో చూడండి. ఎత్తు ఒక్కటే రెట్టింపై, బొజ్జ చుట్టుకొలత పాతదే ఉండిపోతే, రంగు కూడా ఇంచుమించు రెట్టింపే పడుతుంది. అప్పుడు కమిటీ వాదనే గెలుస్తుంది. కాని అటువంటి గణపతి గడకర్రలా ఉంటాడు. గడకర్ర గణపతిని ఏ బస్తీవాళ్ళూ మండపంలోకి ఎక్కించరు. బొజ్జ పెరగాలి, చెవులు పెరగాలి, తొండం పెరగాలి, చేతిలో లడ్డూ కూడా పెరగాలి. అన్నీ ఒకే పాళ్ళలో పెరగాలి. పదో తరగతి లెక్కల పుస్తకం దీన్నే సరూపత అంటుంది. పెయింటర్ ఆ మాట వాడలేదు. ‘సేమ్ పీసు, పెద్ద సైజు’ అన్నాడు. రెండూ ఒకటే.

పూర్వపక్షం

పూర్వపక్షులు యూత్ అసోసియేషన్ కమిటీవారు. వారి వాదం, సూత్రకారుని సమాధానం, షెడ్డులో జరిగింది జరిగినట్టే ఇక్కడ ఎత్తి రాస్తున్నాము.

“అన్నా, పోయినేడు ఐదు ఫీట్లది తీస్కపోయినం. ఒక డబ్బకు పైసలు కట్టినం. ఈయేడు పది ఫీట్లు. డబల్ అయింది. రెండు డబ్బలు పడ్తయి. నాలుగెందుకైతయే?”

“తమ్మీ, డబల్ అయింది ఎత్తు. నేను రంగు ఎత్తుకు కొడ్తనా, ఒంటికి కొడ్తనా?”

“ఒంటికే. ఒళ్ళు గూడ డబలే గదనే.”

“బొజ్జ నిలువు డబల్. మరి అడ్డం?”

“అడ్డం గూడ డబలే.”

“నిలువు డబల్, అడ్డం డబల్. రెండు డబల్లు ఎంత?”

ఇక్కడ కమిటీలో బీటెక్ మూడో ఏడు చదువుతున్న కుర్రవాడు, “రెండు, ఇంకో రెండు, నాలుగు” అన్నాడు. మిగతావాళ్ళు అతనివైపు కోపంగా చూశారు. పెయింటర్ ఔననలేదు, కాదనలేదు, బీడీ వెలిగించుకున్నాడు. ఆ మౌనంలో ఉన్న శాస్త్రాన్ని విప్పడం వ్యాఖ్యాత పని.

కుర్రవాడికి వచ్చిన జవాబు సరైనది, వచ్చిన దారి తప్పు. సున్నాను పక్కన పెడితే, తనతో తనను కూడినా గుణించినా ఒకే ఫలం ఇచ్చే అంకె లోకంలో రెండు ఒక్కటే. ఈ రెండు అనే అంకె వల్ల బడిలో ఎంతమంది పిల్లలు కూడికతోనే గట్టెక్కి, ఆ తర్వాత జీవితాంతం తేలిగ్గా మోసపోతున్నారో చెప్పలేము. పది ఫీట్ల పంక్తి ఒక్కటే రాసి ఊరుకుంటే, చదివినవాడు కూడిక అనుకోవచ్చు. అందుకే సూత్రకారుడు మూడో పాదం రాశాడు. పదిహేను ఫీట్లు అంటే మూడింతలు. కూడితే మూడు, మూడు, ఆరు. తలుపు మీద ఉన్నది తొమ్మిది. పదిహేను ఫీట్ల బొమ్మ ఆ షెడ్డులో లేదు, దానికి పైకప్పు చాలదు, ఎవరూ అడగలేదు కూడా. మరి ఆ పంక్తి ఎందుకున్నది అని కొందరు పునరుక్తి దోషం పట్టారు. అది దోషం కాదు, కూడికవాదుల నోరు మూయడానికి వేసిన బిరడా. సూత్రాల్లో అర మాత్ర ఆదా అయినా వ్యాకరణవేత్తలు కొడుకు పుట్టినంత సంబరపడతారని వాడుక ఉంది గదా. సుద్దముక్క ఖర్చుపెట్టి ఒక పంక్తి అదనంగా రాశాడంటే ఊరికే రాయలేదు.

సిద్ధాంతం

ఇంకా ఒక శంక మిగిలింది. చదరానికైతే నిలువూ అడ్డమూ కనబడతాయి. గణపతికి నిలువెక్కడ, అడ్డమెక్కడ? తొండం మెలిక తిరిగి ఉంటుంది, చెవి ముడుచుకుని ఉంటుంది, బొజ్జ మీద పాము చుట్టుకుని ఉంటుంది. ఈ వంకరలన్నిటికీ నాలుగింతలే అని ఎవరు హామీ?

భాస్కరాచార్యుడు హామీ. 1150లో రాసిన లీలావతిలో ఆయన గోళం పై వైశాల్యం చెబుతూ, బంతి చుట్టూ అల్లిన వలను తలచుకోమన్నాడు. ఆ వలనే తెచ్చి మన ఐదు ఫీట్ల గణపతి మీద కప్పుదాం. తొండానికి ఆనుకునేలా, చెవి మడతలోకి పోయేలా, వేళ్ళ సందుల్లోకి దూరేలా, సన్నని కన్నుల వల. కన్ను ఎంత సన్నమైతే అంత చదునుగా, అంత చదరంగా ఉంటుంది. వంకరంతా కన్నుకూ కన్నుకూ మధ్యనే తేలిపోతుంది. ఇప్పుడు బొమ్మను వలతో సహా రెట్టింపు చేయండి. కన్నుల లెక్క మారదు. వెయ్యి ఉంటే వెయ్యే. కాని ప్రతి కన్నూ నిలువున రెట్టింపు, అడ్డంగా రెట్టింపు. ఒక్కో కన్ను నాలుగింతలైతే మొత్తం వల నాలుగింతలు. మెలిక ఎంత ఉన్నా, మడత ఎంత ఉన్నా, ఆకారం గణపతిదైనా, ఆయన ఎలుకదైనా, పక్కనే పార్కు చేసిన ట్రాలీ ఆటోదైనా ఇదే. వైశాల్యానికి సూత్రం తెలియకపోయినా, అది ఎన్నింతలైందో తెలుసుకోవచ్చు. తొండానికి వైశాల్య సూత్రం ఏ పుస్తకంలోనూ లేదు. పెయింటర్‌కు దాని అవసరమూ లేదు.

ఇంత సుఖమైన సంగతి గణితంలో అరుదు. అందుకే వ్యాఖ్యాత ఇక్కడ కొంచెం ఆగి చాయ్ తాగాడు.

పూత మందం

చాయ్ తాగుతుండగా కమిటీవారే అటువైపునుంచి వాదం తెచ్చారు. నాలుగు డబ్బాలే ఎందుకు, ఎనిమిది ఎందుకు కాదు? బొమ్మ అన్ని దిక్కులా పెరిగిందంటున్నారు గదా, లోతు కూడా దిక్కే గదా?

ఇది మంచి ప్రశ్న. పెయింటర్‌ను అడగకుండా మమ్మల్ని అడగడం ఇంకా మంచిది. బొమ్మ పెరిగింది గాని పూత మందం పెరగలేదు. ఐదు ఫీట్ల గణపతి మీద పడిన పొర ఎంత పలచనో, పది ఫీట్లవాడి మీద పడేదీ అంతే. గన్ అదే, రంగు అదే, చెయ్యి అదే. పొర మందం కూడా రెట్టింపు చేసి ఉంటే అప్పుడు ఎనిమిది డబ్బాలు పట్టేవి. అంటే సూత్రకారుడు నాలుగు అని రాసినచోట రెండు సత్యాలు ఉన్నాయి: ఒళ్ళు నాలుగింతలైందని ఒకటి, పూత అంతే ఉందని రెండోది. ‘ఒక్క కోటింగే’ అన్న షరతు మూలంలో ధ్వనిగా మాత్రమే ఉన్నది. రెండో కోటింగు కావాలంటే ఆ ధ్వని వాచ్యమవుతుంది, రేటు కూడా.

మందం మారని పొర అనే ఈ సంగతినే హాల్డేన్ అనే జీవశాస్త్రవేత్త, జంతువులు తగిన సైజులోనే ఎందుకుంటాయని 1926లో రాసిన ఒక వ్యాసంలో వాడుకున్నాడు. స్నానం చేసి బయటికొచ్చిన మనిషి ఒంటిమీద పలచని నీటి పొర ఉంటుంది. బరువు చూస్తే దాదాపు అర కిలో. మనిషికి అది లెక్కలోకి రాదు. తడిసిన చిట్టెలుక తన బరువంత నీరు మోయాలి. ఈగ తడిస్తే తన బరువుకు ఎన్నో రెట్లు మోయాలి, అందుకే మునిగిందంటే తేలదు. పొర అందరికీ ఒకటే, మోసే ఒళ్ళు వేరు. ఈ హాల్డేన్ బ్రిటన్‌లో పుట్టినా 1957లో మన దేశానికి వచ్చేసి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. పిఠాపురంవాడైన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడు. కనుక ఆయన్ను పరదేశ వ్యాఖ్యాతల జాబితాలో వేయడం మాకిష్టం లేదు. వినాయకుడిని ఎలుక మోయడం గురించి ఆయన ఏమనేవాడో అడిగేవాళ్ళు లేకపోయారు.

ఖైరతాబాద్ దృష్టాంతం

సూత్రం చిన్న సంఖ్యల దగ్గర మెత్తగా ఉంటుంది, పెద్ద సంఖ్యల దగ్గర కరుస్తుంది. దీనికి దృష్టాంతం వెతుక్కోనక్కర్లేదు, సాగర్ రోడ్డు మీద నగరం వైపు పోతే చాలు. 1954లో ఖైరతాబాద్‌లో సింగరి శంకరయ్య అడుగు ఎత్తు గణపతిని నిలబెట్టారు. ఏడాదికో అడుగు పెంచుతూ పోయారు. 2014 నాటికి 60 అడుగులయింది. ‘ఏడాదికో అడుగు’ అనే మాట ఎంత వినయంగా ఉన్నదో చూడండి. ఎవరైనా అదే అంటారు: ఒక్క అడుగే గదా.

ఆ ఒక్క అడుగు వెల లెక్కపెడదాం. అడుగు బొమ్మకు పట్టే రంగును ఒక కొలత అనుకుందాం. రెండడుగులకు నాలుగు కొలతలు. అంటే ఆ ఏడు పెరిగిన అడుగుకు మూడు. మూడడుగులకు తొమ్మిది, పెరిగినది ఐదు. నాలుగుకు పదహారు, పెరిగినది ఏడు. మూడు, ఐదు, ఏడు, తొమ్మిది: బేసి సంఖ్యలు వరుసగా నడిచొస్తున్నాయి. ఒకటి నుంచి బేసి సంఖ్యలను కూడుతూ పోతే వర్గాలు వస్తాయని మన గణితజ్ఞులకు ఎప్పటినుంచో తెలుసు. ఇక్కడ అదే సంగతి కమిటీ ఖర్చు పుస్తకంలో కనబడుతున్నది. 59 నుంచి 60కి పెరిగిన ఆ ఆఖరి అడుగుకు ఎంత? 119 కొలతలు. తొలి అడుగుకు ఒకటి, చివరి అడుగుకు నూటపందొమ్మిది. అడుగు అదే పన్నెండు అంగుళాలు.

ఏటేటా రూపం మారుతుంది, ఒక ఏడు నిలబడి ఉంటాడు, ఒక ఏడు కూర్చుని ఉంటాడు, పక్కన దేవతలు మారుతారు; కనుక సరూపత అక్షరాలా కుదరదని ఒప్పుకుంటాము. అయినా దిశ ఇదే. కరోనా ఏడు, 2020లో, అక్కడ 9 అడుగుల బొమ్మతో సరిపెట్టారు. 2024లో 70 అడుగులు. ఎత్తు చూస్తే ఎనిమిదింతలు కూడా కాలేదు. సూత్రం ప్రకారం ఒళ్ళు అరవై ఇంతలు. ఇక పరిమాణం చూస్తే నాలుగు వందల డెబ్బై ఇంతలు. పేపర్లో ఎత్తు ఒక్కటే వేస్తారు. ఎత్తు ఒక్కటే ఫొటోలో పడుతుంది. మిగతా రెండింటినీ పెయింటరూ క్రేన్ డ్రైవరూ మోస్తారు.

ఘనవాదం

పరిమాణం మాట వచ్చింది కనుక చెప్పాలి. పది ఫీట్ల బొమ్మకు రంగు నాలుగింతలైతే సరుకు ఎనిమిదింతలు. నిలువు, అడ్డం, లోతు, మూడు డబల్లు. ఈ ఘనం దగ్గర పెద్దలు కూడా తడబడ్డారు. 499లో ఆర్యభటుడు గోళం ఘనఫలానికి చెప్పిన సూత్రం తప్పు. వృత్త వైశాల్యాన్ని దాని వర్గమూలంతో గుణించమన్నాడు, ఉండవలసినదానికంటే దాదాపు మూడో వంతు ఎక్కువ వస్తుంది. కాని ఆ తప్పు సూత్రంలో కూడా వ్యాసం రెట్టింపు చేసి చూడండి, ఫలం సరిగ్గా ఎనిమిదింతలే అవుతుంది. అంకె తప్పినా రెట్టింపు నడక తప్పలేదు. మహానుభావుడు పొరబడ్డా ఘనంలోనే పొరబడ్డాడు. మన కమిటీవారిలాగా ఎత్తులో పొరబడలేదు.

ఈ ఎనిమిది వల్ల వచ్చే తంటా మండపం కట్టేవాళ్ళకు బాగా తెలుసు. బరువు ఎనిమిదింతలు, దాన్ని మోసే చీలమండ కోత వైశాల్యం నాలుగింతలే. కాబట్టి ప్రతి చదరపు అంగుళం మీదా రెట్టింపు భారం. పైకెత్తిన చెయ్యీ చాచిన తొండమూ మొదట విరిగేవి ఇందుకే. గెలీలియో 1638లో అచ్చయిన తన చివరి పుస్తకంలో ఈ సంగతే చెప్పి, మూడింతల పొడవు ఎముక పాత ఎముక పని చేయాలంటే ఎంత లావెక్కాలో బొమ్మ గీసి చూపించాడు. ఆ ఎముక చూడడానికి రోకలిబండలా ఉంటుంది. బొమ్మల షెడ్డులో ఎముక లావు చేయరు, లోపల ఇనప రాడ్డు వేస్తారు. పది ఫీట్ల బొమ్మ పగలగొట్టి చూస్తే ఉండే ఇనుము, ఐదు ఫీట్లదానిలో కనబడదు. సరూపత పైపైనే, లోపల కాదు. ఇది వ్యాఖ్యకు సంబంధించిన రహస్యం, రాయకూడనిది, రాసేశాము.

చీలిక ప్రకరణం

బేరం తెగకపోయేసరికి కమిటీలో గొడవ లేచింది. ‘మనం వేరే పెట్టుకుందాం’ అన్నారు కొందరు. ఇబ్రహీంపట్నమనే కాదు, ఏ ఊళ్ళోనైనా ఇది జరిగేదే. ఒక గల్లీకి ఒక గణపతి, ఆ తర్వాత గల్లీ ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. ఇందులో కులమూ పార్టీ కూడా ఉంటాయి, వాటిని ఈ వ్యాఖ్య ముట్టుకోదు. రంగు సంగతి మాత్రం చూద్దాం.

పది ఫీట్ల బొమ్మలో పట్టే మట్టితో ఐదు ఫీట్ల బొమ్మలు ఎన్ని అవుతాయి? ఎనిమిది. ఎనిమిది వర్గాలు విడిపోయి ఎనిమిది బొమ్మలు పెట్టుకుంటే మట్టి ఖర్చు పెరగదు. రంగు? ఒక్కోదానికి ఒక్కో డబ్బా, మొత్తం ఎనిమిది. కలిసుంటే నాలుగే. చీలిక అనేది మట్టిలో కనబడదు, ఒంట్లో కనబడుతుంది. ముక్కలయ్యే కొద్దీ పైచర్మం పెరుగుతుంది. ఇదే మట్టిని అడుగడుగు బొమ్మలు చేస్తే వెయ్యి అవుతాయి, వాటికి రంగు నలభై డబ్బాలు. పెయింటర్ సంఘాలు చీలాలని ఎందుకు మొక్కుకుంటాడో ఇప్పుడు అర్థమవుతున్నది.

ఇక నిమజ్జనం నాడు ఏ చెరువులో వేసినా ఆ రంగంతా అందులోకే పోతుంది. అందుకని చిన్నవి వద్దు, ఒకటే పెద్దది మేలు అని వాదించేవాడొకడు లేస్తాడు. తొందరపడకూడదు. ఏ చర్మం రంగుకు శత్రువో అదే నీటికి మిత్రం. నీళ్ళు బొమ్మను చర్మం గుండానే తింటాయి. వెయ్యి చిన్న మట్టిబొమ్మలకు ఒక్క పెద్దబొమ్మ కంటే పదింతలు ఒళ్ళు; తెల్లవారేసరికి కరిగి ఉంటాయి. పెద్దది రోజుల తరబడి నానుతూ, సగం కరిగిన మొహంతో ఒడ్డున నిలబడి ఉంటుంది. చూస్తే దండం పెట్టాలో తల తిప్పుకోవాలో తెలియదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అయితే ఈ లెక్కకే లొంగదు, చిన్నదైనా పెద్దదైనా మొండికేస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి పంచే చిన్న మట్టిబొమ్మలకు రంగు ఉండదు. ఒళ్ళు ఎక్కువ, రంగు సున్నా. ఈ ప్రకరణంలోని రెండు వాదాలకూ అక్కడ రాజీ కుదిరింది.

లడ్డూ మీద చిన్న టిప్పణి

ఉల్టా లెక్క కూడా చెప్పకపోతే వ్యాఖ్య కుంటుతుంది. ఇబ్రహీంపట్నానికి దగ్గరలోనే బాలాపూర్. అక్కడి గణపతి చేతి లడ్డూ 21 కిలోలు. మన ఇంట్లో చుట్టేది ఏభై గ్రాములనుకుంటే, బాలాపూర్ లడ్డూ దానికి 420 ఇంతలు. ఆ అంకె చూసి నవ్వనక్కర్లేదు, భాగహారం చేస్తే వచ్చింది. బరువు 420 ఇంతలంటే అడ్డుకొలత అన్నింతలు కాదు, ఏడున్నర ఇంతలే. ఏడున్నరను ఏడున్నరతో రెండుసార్లు గుణిస్తే దాదాపు 420. ఇక చర్మం ఏభై ఆరు ఇంతలు. అంటే ఆ లడ్డూ పైన జీడిపప్పు అద్దాలంటే, 420 చిన్న లడ్డూలకు పట్టేదాంట్లో ఏడో వంతు కంటే కొంచెం తక్కువే సరిపోతుంది. పొదుపు ఇంత ఉన్న పదార్థాన్ని 1994లో 450 రూపాయలకు వేలంలో పాడుకున్నారు, 2024లో 30 లక్షల ఒక వెయ్యికి. ఈ పెరుగుదల వర్గమూ కాదు ఘనమూ కాదు. వ్యాఖ్యాతకు తెలిసిన ఏ ఘాతానికీ లొంగలేదు.

ఛందస్సు, అలంకారం, పాఠాంతరం

ఛందస్సు: లేదు. అయితే డబ్బాలను మాత్రమే వరుసగా చదివితే ఒకటి, నాలుగు, తొమ్మిది అనే నడక ఉంది, తర్వాతి పాదం పదహారని చదువరికే తెలిసిపోతుంది. ఈమాత్రం యతి నియమం అచ్చయ్యే పద్యాల్లో కూడా ఈ రోజుల్లో దొరకడం లేదు. అలంకారం: ‘లెక్క అడగొద్దు’ అన్నచోట విరోధాభాసం, ఎందుకంటే పైనున్నదంతా లెక్కే.

పాఠాంతరం: మూడో రోజు పొద్దున చూస్తే ‘4 డబ్బలు’ అన్నచోట ఎవరో చెరిపి ‘2’ అని దిద్ది ఉంది. సుద్ద వేరు, చెయ్యి వేరు. 15కు 9 అలాగే ఉంచేశారు. దిద్దినవాడికి శాస్త్రం తెలియదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు, ప్రక్షిప్తమని తోసిపుచ్చుతున్నాము. మధ్యాహ్నానికి సూత్రకారుడే మళ్ళీ 4 చేశాడు, ఈసారి రంగుతో.

‘బేరం లేదు’ అన్న పాదానికి వ్యాఖ్య

లేదు అనగా లేదని అర్థం కాదు. ఈ పాదానికి ముఖ్యార్థం తీసుకున్న కమిటీలు రెండు మూడు వెనక్కి తిరిగి పోయాయి. మన కమిటీ లక్ష్యార్థం తీసుకుని మళ్ళీ వచ్చింది.

వారి కష్టం వాస్తవమే. చందా ఒంటిని బట్టి రాదు, ఇంటిని బట్టి వస్తుంది. పోయినేటికంటే ఈయేడు ఇళ్ళు పెరిగాయి, ప్లాట్లు లేచాయి, ఒక అపార్ట్‌మెంట్ కొత్తగా చేరింది. ఎంత గుంజినా వసూలు రెట్టింపు దాటలేదు. చేతిలో ఉన్నది రెండు డబ్బాల పైసలు. కావలసింది నాలుగు డబ్బాల దేవుడు.

“ఎత్తు డబల్ చేస్తే పైసలు నాలుగింతలన్నవ్ గదనే. మరి పైసలు డబల్ అయితే ఎత్తు ఎంత?” అన్నాడు ఆ బీటెక్ కుర్రవాడు.

సూత్రకారుడు మొదటిసారి అతనివైపు మర్యాదగా చూశాడు. అది వ్యాఖ్యాత కూడా గమనించాడు. నాలుగు రోజుల్లో అడగవలసిన ప్రశ్న అదొక్కటే, మిగతావన్నీ కేకలు. రెండింతల ఒంటికి ఎత్తు ఎన్నింతలు? దేన్ని దానితోనే గుణిస్తే రెండు వస్తుందో, అన్ని ఇంతలు. ఆ సంఖ్య తెగదు, ఒకటీ పాయింటు నాలుగు ఒకటి నాలుగు అంటూ పోతూనే ఉంటుంది. పెయింటర్ అంతదూరం పోలేదు. టేపు తీసి రేకు తలుపు మీద ఆనించి, ఏడు దగ్గర గీత పెట్టాడు.

ఏడెట్లా? ఐదును ఐదుతో గుణిస్తే ఇరవై ఐదు, దానికి ఒక డబ్బా. ఏడును ఏడుతో గుణిస్తే నలభై తొమ్మిది. రెండు డబ్బాలకు వచ్చేది ఏభై. ఒకటి తక్కువ. ఏడు ఫీట్ల గణపతికి రెండు డబ్బాలు తెరిస్తే, అడుగున ఆ ఒకటి మిగులుతుంది. అంటే డబ్బాలో ఇరవై ఐదో వంతు. సూత్రం ప్రకారమే అది సరిగ్గా ఒక అడుగు బొమ్మకు సరిపోయే రంగు.

“ఆ మిగిలింది ఎలుకకు కొట్టన్నా” అన్నారు కమిటీవారు, బేరం గెలిచిన గొంతుతో.

ఎలుక ఎత్తు అడుగే, ఆ మాట నిజమే. కాని అడుగు గణపతికీ అడుగు ఎలుకకూ సరూపత లేదు, వెనక తోక ఉంది. తోక సన్నం, పొడుగు. చర్మం ఎక్కువ, సరుకు తక్కువ. దానికి రంగు చాలుతుందన్నవాడు పెయింటర్. చాలదన్నవాడు బీటెక్. వ్యాఖ్యాతలకు ఈ తోక విషయంలో ఇంతవరకు ఏకాభిప్రాయం కుదరలేదు.